సముద్రం దాటిన కుర్చీ

నార్విచ్ కోటలోని మ్యూజియంలో జానెడు ఎత్తు కూడా లేని ఒక మట్టిబొమ్మ ఉంది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, రెండు చేతులతో తల పట్టుకుని ఉంటుంది. ఆడో మగో పోల్చుకోలేం. 5వ శతాబ్దంలో ఎవరో తమవాళ్ల అస్థికలు నింపిన కుండకు మూతగా దాన్ని చేశారు. ఇంగ్లండ్ తూర్పున, నార్ఫోక్‌లోని స్పాంగ్ హిల్ శ్మశానంలో దొరికింది. 1972 నుంచి దాదాపు పదేళ్లు సాగిన తవ్వకాల్లో అక్కడ రెండు వేలకు పైగా అస్థికల కుండలు బయటపడ్డాయి. ఆ కుండల మీది నగిషీల్లాంటివే ఉత్తర జర్మనీలో, ఎల్బ్ నది దగ్గరి ఇసెన్‌డార్ఫ్ శ్మశానంలోనూ ఉన్నాయి. మధ్యలో ఉన్నది సముద్రమే.

ఆ ఉత్తర జర్మనీ తీరంలో ఉన్నవాళ్లే శాక్సన్లు. రోమన్ల రాతల్లో శాక్సన్లంటే సముద్రపు దొంగలు. నడుముకు కట్టుకునే ‘శాక్స్’ అనే ఒంటివాదర కత్తి నుంచే ఆ పేరు వచ్చిందంటారు. బ్రిటన్ ఆగ్నేయాన రోమన్లు వరసగా కోటలు కట్టారు. ఆ తీరానికి ‘శాక్సన్ తీరం’ అనే పేరు పడింది. పోర్చెస్టర్, పెవెన్సీ కోటగోడలు నేటికీ నిలిచి ఉన్నాయి.

కానీ ఆ దొంగల ఊళ్లకు వెళ్లి చూస్తే కనిపించేది పాడీ పంటే. వేసర్ నది సముద్రంలో కలిసే చోట ఫెడర్సన్ వీర్డె అనే ఊరుండేది. పోటు వస్తే పొలాల మీదికి ఉప్పునీరు తోసుకొచ్చే నేల అది. తరతరాలుగా పేడ, బంకమట్టి పోసి దిబ్బ పెంచుతూ, దాని మీద ఇళ్లు కట్టుకున్నారు. పొడవాటి ఇల్లు. ఒక కొసన పొయ్యి, మనుషులు. రెండో కొసన పశువులు. చలికాలంలో ఆవుల ఒంటి వెచ్చదనం ఇంటికంతటికీ అందేది. సముద్రం పైకి జరుగుతూ వచ్చింది. 5వ శతాబ్దంలో ఊరు ఖాళీ అయింది.

అక్కడికి దగ్గర్లోనే ఫాల్‌వార్డ్ శ్మశానం ఉంది. పడవలో పడుకోబెట్టి పూడ్చిన ఒకాయన సమాధిలో, ఒకే చెట్టు మాను తొలిచి చేసిన కుర్చీ దొరికింది. బురదనేల కావడంతో చెక్క చెడలేదు. ఆయనకు రోమన్ సైనికుల మొలపట్టీ ఉంది. కాళ్లు పెట్టుకునే పీట మీద రూనిక్ లిపిలో చెక్కిన మాటను ‘పీట’ అనే అర్థమున్న లాటిన్ పదంగా చదివారు. రోమ్ కొలువులో పనిచేసి ఇంటికి తిరిగొచ్చిన మనిషి అనుకోవచ్చు. ఈ కుర్చీ గురించి తెలిశాక స్పాంగ్ హిల్ బొమ్మను మళ్లీ చూడాలి. అది కూర్చున్నదీ కుర్చీలోనే. చనిపోయినవారికి ఆసనం వేసే గౌరవం కూడా ఈ జనంతోపాటే సముద్రం దాటిందని నా నమ్మకం.

410 ప్రాంతంలో బ్రిటన్ మీద రోమ్ పట్టు పోయింది. శత్రువుల్ని తరమడానికి ఒక పాలకుడు శాక్సన్లను కిరాయికి పిలిపించాడనీ, మూడు ఓడల్లో వచ్చినవాళ్లు తర్వాత పిలిచినవాడి మీదే తిరగబడ్డారనీ 6వ శతాబ్దపు సన్యాసి గిల్డాస్ ఆవేదనతో రాశాడు. 731లో ఇంగ్లిష్ వాళ్ల చరిత్ర పూర్తి చేసిన మరో సన్యాసి బీడ్ ఆ కథకు తేదీ, పేర్లు చేర్చాడు: 449 ప్రాంతం, హెంగిస్ట్, హోర్సా అనే అన్నదమ్ములు. ఒక పేరుకు మగగుర్రమని, రెండోదానికి గుర్రమని అర్థం. నాకైతే అందులో చరిత్ర కంటే పురాణమే ఎక్కువ వినిపిస్తుంది.

ఎముకలు చెప్పే సంగతి వేరు. 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 460 మంది ప్రాచీనుల జన్యువులు పరిశీలించారు. వలస జరిగిన ఆ తొలి శతాబ్దాల్లో తూర్పు, దక్షిణ ఇంగ్లండ్ జనం వారసత్వంలో 76 శాతం దాకా ఉత్తర సముద్రానికి అవతలి తీరానిదేనని తేలింది. వచ్చినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. అంటే కత్తి పట్టిన మగవాళ్ల దండు మాత్రమే కాదు, ఇళ్లకు ఇళ్లే కదిలాయి. ఒకే శ్మశానంలో స్థానికులూ వలస వచ్చినవాళ్లూ పక్కపక్కనే ఉన్నారు, వియ్యమందుకున్నారు కూడా. శాక్సన్ రాజ్యమైన వెసెక్స్ రాజవంశానికి మూలపురుషుడిగా చెప్పే చెర్డిక్ పేరు శాక్సన్లది కాదు, అక్కడి స్థానికులైన బ్రిటన్ల భాషది.

కలిసి బతికారు సరే, సమానంగా బతికారా? 7వ శతాబ్దం చివర్లో వెసెక్స్ రాజు ఇనె చేసిన చట్టంలో మనిషిని చంపితే కట్టాల్సిన పరిహారం, చనిపోయినవాడు బ్రిటన్ జాతివాడైతే తక్కువ. ఆ చట్టంలో అతన్ని పిలిచిన మాట ‘వెయల్’. పరాయివాడని దాని అర్థం. తరతరాలుగా ఆ నేల దున్నినవాడినే నిన్నమొన్న వచ్చినవాళ్లు పరాయివాణ్ణి చేశారు. వేల్స్ అనే పేరు ఆ మాట నుంచి పుట్టిందే. వేల్స్ వాళ్లు మాత్రం తమను తాము కమ్రీ అనుకుంటారు, ఒకే నేల బిడ్డలమని. ఇంగ్లిష్ వాళ్లను తమ భాషలో ఈరోజుకీ ‘సైసన్’ అంటారు. శాక్సన్లని.