కుంకుమపువ్వు కోసిన చేతులు

రాజుల చరిత్రే చరిత్ర అనుకునే అలవాటు తవ్వకాలను కూడా వదల్లేదు. 1900లో క్రీటు దీవిలోని క్నోసస్ వద్ద తవ్వకాలు ప్రారంభించిన ఆర్థర్ ఇవాన్స్, విడివిడిగా దొరికిన చిత్రఖండాలను జతచేయించి, ఆ బొమ్మకు ‘పురోహిత రాజు’ అని పేరు పెట్టాడు. ఆ ముక్కలన్నీ ఒకే మనిషివి కావని వాదించిన పండితులున్నారు.

1967లో థీరా దీవిలోని అక్రోతిరిలో మరినాటోస్ తవ్వకాలు మొదలుపెట్టాడు. సుమారు 3,600 యేళ్ల కిందట అగ్నిపర్వతపు బూడిద కప్పేసిన పట్టణమది. అక్కడి గోడలమీద రెండు చేతులా చేపల గుత్తులు పట్టుకున్న కుర్రవాడున్నాడు. తెడ్లు వేస్తున్న పడవవాళ్లున్నారు. గుట్టలమీద కుంకుమపువ్వు కోస్తున్న ఆడపిల్లలున్నారు.

ఇదంతా ప్రజాజీవితమే అని సంబరపడదామా? నేను అంత తొందరపడలేను. ఆ పిల్లల చెవులకు పెద్ద పోగులు, చేతులకు కడియాలు వున్నాయి. వాళ్లు కోసిన పువ్వు చేరేది పీఠంమీద కూర్చున్న దేవత సన్నిధికి. ఒక్కొక్క పువ్వులో ఎర్రని తంతువులు మూడే. కిలో కుంకుమపువ్వుకు సుమారు 1,50,000 పువ్వులు కావాలి. నడుము విరిగే ఆ పని గోడమీద పండుగలా కనిపిస్తుంది.

మన ప్రబంధాలలోని పుష్పాపచయం పాఠం చెప్పేటప్పుడూ నాకిదే తోస్తుంది. అక్కడా పువ్వులు కోయటం విలాసమే గాని పని కాదు. కనుక బొమ్మలో ఎవరున్నారని మాత్రమే గాక, ఆ గోడ ఎవరిదని కూడా మనం అడగాలి. అయినా ఆ చేపలూ, తెడ్లూ, బుట్టలూ అబద్ధం కావు. పనిచేసే చేతులను దగ్గరగా చూసినవాడే వాటిని అలా గీయగలడు.