గోడ వెనుక దాచిన ప్రాణాలు



1975లో "ది హైడింగ్ ప్లేస్" అనే సినిమా వచ్చింది. బిల్లీ గ్రాహం పరిచర్యకు చెందిన వరల్డ్ వైడ్ పిక్చర్స్ వారు దీనిని తీశారు. మీలో కొందరు చూసి ఉండవచ్చు. ఇది కల్పిత కథ కాదు. కోరీ టెన్ బూమ్ అనే సహోదరి జీవితంలో జరిగిన సంగతి.

నెదర్లాండ్స్ దేశంలో హార్లెమ్ అనే పట్టణముంది. అక్కడ టెన్ బూమ్ కుటుంబం 1837 నుండి గడియారాల దుకాణం నడిపేది. 1844లోనే కోరీ తాతగారు ఆ ఇంట్లో యూదుల కొరకు ప్రార్థన మొదలుపెట్టారు. సరిగ్గా నూరేళ్లకు, 1944లో, ఆ ప్రార్థనకు వెల చెల్లించవలసి వచ్చింది!

1940 మే నెలలో హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. యూదులను రైళ్లలో ఎక్కించి మరణ శిబిరాలకు పంపసాగారు. అప్పుడు కోరీ, ఆమె అక్క బెట్సీ, వృద్ధుడైన తండ్రి కాస్పర్ తమ తలుపు తెరిచారు. పై అంతస్తులో కోరీ పడకగదిలో ఇటుకలతో ఒక దొంగ గోడ కట్టించారు. చెక్క గోడైతే తట్టినప్పుడు డొల్లగా మోగుతుంది గనుక ఇటుకలే వాడారు. ఆ గోడ వెనుక మనుష్యులు నిలబడేంత చోటు మాత్రమే ఉంది. దాగినవారికి ఆహారం కావాలి గదా! అందుకని రేషను కార్డులు రహస్యంగా సంపాదించారు.

1944 ఫిబ్రవరి 28న పోలీసులు ఇంటిపై పడ్డారు. పట్టించినవాడు పరదేశి కాడు, వారి దేశస్థుడే. సుమారు 30 మందిని బంధించారు. అయితే గోడ వెనుకనున్న ఆరుగురు మాత్రం దొరకలేదు. దాదాపు రెండు రోజుల తర్వాత వారు క్షేమంగా బయటపడ్డారు. 84 ఏళ్ల కాస్పర్ పది రోజులకే చెరలో మరణించారు. బెట్సీ అదే సంవత్సరం డిసెంబరులో రావెన్స్‌బ్రుక్ శిబిరంలో కన్నుమూసింది. కొద్ది రోజులకే కోరీ విడుదలయ్యింది.

ప్రియులారా, ఈ కథ విని సంతోషించి ఊరుకోకూడదు. నెదర్లాండ్స్‌లో దాదాపు 1,40,000 మంది యూదులుండగా లక్షకు పైగా చంపబడ్డారు. ఆ దేశంలో దేవాలయాలు లేవా? బైబిళ్లు లేవా? ఉన్నాయి. తెరుచుకున్న తలుపులే తక్కువ.

1947లో జర్మనీలోని మ్యూనిక్‌లో కోరీ వాక్యం చెప్పిన తర్వాత, రావెన్స్‌బ్రుక్‌లో కావలివాడుగా ఉన్న ఒకడు వచ్చి క్షమాపణ కోరుతూ చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి కదలలేదు. సహాయం కొరకు మౌనంగా ప్రార్థించి, ఆ తర్వాతే చెయ్యి అందించింది. అది ఆమె తన గాయం విషయమై ఇచ్చిన క్షమాపణ. చంపబడినవారి తరపున క్షమించే అధికారం మనకెవరికీ లేదు. జరిగినది మరచిపొమ్మని వారి పిల్లలతో చెప్పే అధికారం అంతకంటే లేదు.

మంచి సమరయుని కథ మనకందరికీ తెలుసు. తరుమబడిన పొరుగువాడు ఈ రాత్రి మన తలుపు తడితే, అతని కులమేది, మతమేదని అడుగుతామా, గడియ తీస్తామా? ఎవరికి వారే ప్రభువు ఎదుట జవాబు చెప్పుకుందాం. ఆమేన్.