అచానక్‌మార్ అడవి: రక్షణ యెవరికి?

బిలాస్‌పూర్ నుండి కట్నీ పోవు రైలు ఖోంగ్సరా దాటి భన్వర్‌టంక్ ఘాటు నెక్కునపుడు ఇరువైపుల దట్టముగా కనిపించునవి సాలవృక్షములు. తెలుగువారు వీనిని గుగ్గిలపు చెట్లందురు. వీని కలప గట్టిది, చెదలకు సులభముగా లొంగదు. ఆ సుగుణమే వానికి ముప్పైనది. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూరు నుండి అసన్‌సోల్ వరకు పట్టాలు పరచినది. పట్టాల క్రింద స్లీపర్లు వలయును. స్లీపర్లకు సాలు కలప వలయును.

1878 నాటి అటవీ చట్టముతో రిజర్వు అడవులు విస్తరించినవి. ఆనాడు అటవీ రక్షణ యనగా ముఖ్యముగా కలప రక్షణయే. బైగాల పోడు వ్యవసాయము అధికారుల కంటికి అపరాధముగా తోచినది. నాగలితో దున్నుట నేలతల్లి రొమ్ము చీల్చుటయని బైగాల నమ్మకము. 'బేవర్' అను వారి పోడును క్రమముగా నిషేధించి, 1890లో మండలా జిల్లాయందు 'బైగా చక్' అను కొలది ప్రాంతమున మాత్రమే అనుమతించిరి.

ఆ మండలా అడవులలో ఏండ్ల తరబడి నివసించిన వెరియర్ ఎల్విన్ 1939లో తన 'ది బైగా' గ్రంథమున ఒక వింత సూచన చేసెను: బైగాలు తమ పద్ధతిని జీవించుటకు జాతీయోద్యానము వంటి యొక ప్రదేశమును ప్రత్యేకించవలెనని. మనుష్యులను జంతుప్రదర్శనశాలలో పెట్టుదురా యని విమర్శకులు మండిపడిరి. ఆ మాట కటువైనదే. అయినను ఉద్యానమున మనుష్యునికి చోటు కలదా యను ప్రశ్న ఈ సీమలో అప్పుడే పుట్టినది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1975లో అచానక్‌మార్ అభయారణ్యమైనది. 2005లో నర్మదా, శోణ నదుల జన్మస్థానమగు అమర్‌కంటక్‌తో కలిపి దీనిని జీవావరణ మండలముగా ప్రకటించిరి. 2009లో పులుల సంరక్షణ కేంద్రమైనది. ఆ యేడే ఆరు గ్రామములవారిని అడవి లోపలినుండి వెలుపలికి తరలించిరి. వారిలో బైగా కుటుంబములు అనేకము. అటవీ హక్కుల చట్టము వచ్చి అప్పటికి మూడేండ్లే. పులికి నిశ్శబ్దము వలయును, నిజమే. మణియారీ నదికిని ఈ అడవియే ఆధారము. కాని సాలును నరికించినవారు బైగాలు కారు. స్లీపర్లు నేడు సిమెంటువి. చెట్టునకు ఆ బెడద తీరినది.

ఇదే రైలుమార్గముననున్న పెండ్రారోడ్డు చుట్టుపట్ల, గౌరేలా-పెండ్రా-మర్వాహీ జిల్లాలోని బైగాలకు 2023లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము వారి సంప్రదాయ ఆవాసముపై హక్కును గుర్తించినది. అచానక్‌మార్ లోపల మిగిలిన గ్రామముల తరలింపు మాట ఇంకను వినవచ్చుచునే యున్నది.