హుబారాకు పేరు తెచ్చిన బొమ్మ

కువైట్ ఎడారికి చలికాలపు అతిథిగా వచ్చే హుబారా మన బట్టమేక పిట్టకు దాయాది. ఇసుకరంగు వీపుపై సన్నని నల్లని అలల గీతలు, మెడకు ఇరుపక్కలా నల్లని చార, తలపై చిన్న కుచ్చు. కదలక కూర్చుంటే ఇసుకకూ పక్షికీ భేదం తెలియదు. మధ్య ఆసియా నుండి వలస వచ్చే ఈ పక్షినే అరబ్బులు డేగవేటలో అత్యంత విలువైనదిగా ఎంచారు. వారు తరతరాలుగా ఎరిగిన ఈ పక్షికి శాస్త్రనామం మాత్రం లండన్‌లో అచ్చయిన ఒక రంగుల బొమ్మతో వచ్చింది.

దూరదేశపు పక్షులు ఐరోపా చిత్రకారులకు చాలావరకు ఎండిన చర్మాలుగానే చేరేవి. కాళ్ళు తీసేసిన చర్మాలను చూసి స్వర్గపక్షికి కాళ్ళే ఉండవని నమ్మిన కాలం ఒకటుంది. 1758లో లినేయస్ దానికి పెట్టిన పేరుకు అర్థం ‘పాదాలు లేనిది’ అనే. బతికిన పక్షిని ఎదుట పెట్టుకొని గీసిన బొమ్మకు విలువ ఏర్పడింది అందువల్లనే.

ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి థామస్ హార్డ్‌విక్ భారతీయ చిత్రకారులను నియమించి వేలాది జంతుచిత్రాలు వేయించాడు. బ్రిటిష్ మ్యూజియంకు చెందిన జాన్ ఎడ్వర్డ్ గ్రే వాటినుండి ఎంపిక చేసి, 1830–35 మధ్య 202 శిలాముద్రిత వర్ణచిత్రాలుగా ప్రచురించాడు. మెక్వీన్ అనే అధికారి పేరిట ఆసియా హుబారాకు 1832లో నామకరణం జరిగింది ఆ సంపుటిలోనే. ఆ గ్రంథానికి రావలసిన వ్యాఖ్యానభాగం ఏనాడూ అచ్చు కాలేదు. కనుక అక్కడ బొమ్మే వర్ణన, బొమ్మే సాక్ష్యం.

తరువాత చాలాకాలం దీనిని ఉత్తర ఆఫ్రికా హుబారాకు ఉపజాతిగానే లెక్కించారు. ఇప్పుడు వేరే జాతిగా గుర్తించారు. ఇది పేరుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. మితిమీరిన వేటతో తగ్గిపోతున్న ఆసియా పక్షిని విడిగా లెక్కించి, ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించడానికి ఆ విభజన ఆధారమైంది.

కువైట్‌లో బతుకుతెరువు వెతుక్కున్న తెలుగువారిలో కడప ప్రాంతంవారు ఎందరో. వారి చిట్టడవుల పక్షి కలివికోడికి ఇటువంటి బొమ్మ భాగ్యం తృటిలో తప్పింది. వైద్యుడు జెర్డన్ భారతీయ చిత్రకారుల సాయంతో మద్రాసులో వెలువరించిన పక్షిచిత్రాల గ్రంథం 1847లో ముగిసింది. ఆయనకు దొరికిన కలివికోడికి బ్లైత్ శాస్త్రనామం పెట్టింది 1848లో. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది.

ఒక పక్షి పేరులో సైన్యాధికారి, మరొకదాని ఆంగ్లనామంలో వైద్యుడు నిలిచిపోయారు. అరబ్బుల హుబారా, కడపవారి కలివికోడి అనే పేర్లు జనం నోట నిలిచాయి. హార్డ్‌విక్ కొలువులో కుంచె పట్టిన వారిలో అధికుల పేర్లు మాత్రం ఎక్కడా నిలవలేదు. వారి బొమ్మలు నేటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి.