అభిమానం గుంపు చేతిలో పడితే



1980 ఆగస్టు 16. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్. ఆటగాళ్ళ మధ్య రేగిన గొడవ ప్రేక్షకుల్లోకి పాకింది. కొట్లాటలో, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. 1985లో బ్రస్సెల్స్ హేసెల్ స్టేడియంలో ఇలాగే 39 మంది పోయారు.

మన ధర్మపురిలో అంత ఫుట్‌బాల్ పిచ్చి లేదు. కానీ అభిమానం గుంపు చేతిలో పడితే ఏమవుతుందో మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2000 ఫిబ్రవరి 2న జయలలిత గారికి కొడైకెనాల్ హోటల్ కేసులో శిక్ష పడింది. ఆ కోపంతో పార్టీవాళ్ళు ఇలక్కియంపట్టి దగ్గర కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బస్సుకు నిప్పు పెట్టారు. స్టడీ టూరుకు వచ్చిన ముగ్గురు ఆడపిల్లలు కాలిపోయారు. వాళ్ళకు ఆ కేసుతో ఏ సంబంధమూ లేదు. 2001లో హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

ముగ్గురు దోషులకు పడిన ఉరిని సుప్రీంకోర్టు 2016లో యావజ్జీవంగా మార్చింది. గుంపు ఆవేశంలో విచక్షణ కోల్పోయారన్నది అందుకు చెప్పిన ఒక కారణం. 2018లో విడుదలయ్యారు. గుంపులో మనిషి తనను తాను మరచిపోతాడేమో గానీ, కాలేది మాత్రం ఒక్కొక్కరే.

కలకత్తావాళ్ళు ఆగస్టు 16న రక్తదానం చేస్తారు. ఫిబ్రవరి 2న మనమూ చేద్దాం. జెండా ఏదైనా, హీరో ఎవరైనా, రాయి పట్టుకోకూడదని మన పిల్లలకు ఆ రోజైనా చెబుదాం.