నూటపదిహేను మంది తలో చెయ్యి

2018 సెప్టెంబరు 7, శుక్రవారం. మాదాపూర్‌లో ఆఫీసు క్యాబ్‌లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరిన వేళకి ఊళ్ళో థియేటర్లలో ఉదయం ఆట పడింది. ఆ రోజు విడుదలైన తెలుగు సినిమాల్లో రెండింటిని నేను మరచిపోలేను. తెర మీది కథ సంగతి కాదు, తెర వెనక డబ్బు సంగతి చెబుతున్నాను.

ఒకటి ‘కేరాఫ్ కంచరపాలెం’. వెంకటేశ్ మహాకి తొలి సినిమా. విశాఖలోని ఆ పేటలో, ఆ పేట మనుషులతోనే తీశాడు. డబ్బు పెట్టింది ప్రవీణ పరుచూరి, అమెరికాలో గుండె వైద్యురాలు. రెండోది ‘మను’. ఫణీంద్ర నర్సెట్టికి అదే తొలి సినిమా. దానికి డబ్బు పెట్టింది ఒకరు కాదు, ఇద్దరు కాదు. 115 మంది.

వాళ్ళు పేరున్న నిర్మాతలు కారు, ఫైనాన్షియర్లు అసలే కారు. సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్ళు. తలో చెయ్యి వేస్తే కోటి రూపాయలు పోగయ్యాయి. ఫణీంద్ర చూపించగలిగిన హామీ అల్లా ‘మధురం’. యూట్యూబ్‌లో జనం చూసి, ఒకరికొకరు చెప్పుకున్న అతని షార్ట్ ఫిల్మ్. అందులో నటించిన చాందినీ చౌదరే ‘మను’లోనూ కథానాయిక. పక్కన బ్రహ్మానందం కొడుకు గౌతమ్.

ఆ 115 మందిలో ఒకరి సాయంత్రం ఎలా గడిచి ఉంటుందో ఊహించుకుందాం. జీతం పడింది. ఇంటి అద్దె, బండి వాయిదా, ఊళ్ళో అమ్మకి పంపాల్సింది పోను కొంత మిగిలింది. ‘మధురం’ ఇంకోసారి పెట్టుకుని చూశారు. అకౌంటు నంబరు కొట్టారు, అంకె కొట్టారు. ఆ ఆఖరి మీట నొక్కే ముందు వేలు ఒక్క క్షణం ఆగి ఉంటుంది. ఆగినా, నొక్కారు. దీన్ని గ్రాంటు అనడానికి లేదు. దీని మీద ప్రభుత్వ ముద్ర లేదు, కమిటీ సంతకం లేదు. కానీ మన దగ్గర కొత్త దర్శకుడి చేతికి సినిమాకి ముందు అందిన డబ్బు ఏదంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

మాదాపూర్ చుట్టూ ఉన్న ఈ సైబరాబాద్‌కీ కొత్త సినిమాకీ బంధం పాతదే. 1998 నవంబరు 22న ఇక్కడి సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజపేయి ప్రారంభించారు. రెండేళ్ళు తిరగకుండానే అమెరికా మోజులో ఊగిసలాడే హైదరాబాద్ కుర్రాళ్ళ మీద ‘డాలర్ డ్రీమ్స్’ వచ్చింది. తీసిన శేఖర్ కమ్ముల సీబీఐటీలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, దాన్ని వదిలి హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా నేర్చుకున్న మనిషి. తొలి సినిమాకే జాతీయ స్థాయిలో ఇందిరాగాంధీ అవార్డు అందుకున్నాడు. ఆ తర్వాత ఈ ఐటీ దారి పొడుగునా ఎందరో అదే కల కన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడింగ్, శనాదివారాలు షూటింగ్.

ఆ షూటింగ్ ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్ళకి తెలుసు. కెమెరా రోజు అద్దెకి వస్తుంది కాబట్టి, తెల్లారేసరికే దుర్గం చెరువు ఒడ్డున యూనిట్ అంతా సిద్ధం. యూనిట్ అంటే ఆరుగురు స్నేహితులు. ట్రైపాడ్ నిలబెట్టగానే సెక్యూరిటీ గార్డు వచ్చి “పర్మిషన్ ఉందా?” అంటాడు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు. సాయంత్రానికి మంచి వెలుతురు వచ్చేసరికి పక్క బిల్డింగు జనరేటరు మోత. ఆ మోతలో హీరోయిన్ గొంతు కొట్టుకుపోతుంది. సౌండ్ రికార్డిస్టుని పెట్టుకునే స్తోమత లేదు. తర్వాత డబ్బింగ్‌లో సరిచేద్దాం అనుకుంటారు, డబ్బింగ్‌కీ డబ్బు ఉండదు. ఎన్ని మంచి కథలు ఆ జనరేటరు మోతలోనే పోయాయో! ఒక చిన్న గ్రాంటు కొనిపెట్టేది సరిగ్గా ఇదే. ఒక అనుమతి కాగితం, ఒక సౌండ్ మనిషి, తొందర లేని రెండో రోజు.

పక్కన కేరళ ఆ పని చేసింది. తొలి సినిమా తీసే మహిళా దర్శకులకి స్క్రిప్టు చూసి, సినిమాకి కోటిన్నర చొప్పున, రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ ద్వారా ఇచ్చింది. ‘నిషిద్ధో’, ‘డివోర్స్’ అలా పుట్టినవే. మన దగ్గరా కదలిక లేకపోలేదు. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో ‘సినివారం’ పేరిట తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ కొత్తవాళ్ళ షార్ట్ ఫిల్ములకి తెర ఇచ్చింది. 2025 జూన్ 14న హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం సినిమాలకి గద్దర్ అవార్డులు ఇచ్చింది. రెండూ మెచ్చుకోదగ్గవే. కానీ తెరా, బహుమతీ రెండూ సినిమా పూర్తయ్యాక అక్కరకొచ్చేవి. నారు ఎండిపోయాక నీళ్ళు పెడితే పంట రాదు.

‘మను’ సంగతికి వస్తే, దాదాపు మూడు గంటల నిడివి. కొందరికి అదొక అద్భుతం, కొందరికి ఓర్చుకోలేని నిదానం. నా మటుకు నాకు, పెద్ద నిర్మాత ఎవరూ అంత నిదానాన్ని ఒక కొత్త కుర్రాడి చేతిలో పెట్టి ఉండరు. ఆ 115 మంది పెట్టారు. అతనికి తోచినట్టు ఒక సినిమా తీసుకునే వీలు ఇచ్చారు.

ఏడేళ్ళు గడిచాయి. 2025 జూన్ 20న ఫణీంద్ర రెండో సినిమా ‘8 వసంతాలు’ వచ్చింది. ఈసారి నిర్మాత మైత్రీ మూవీ మేకర్స్.

రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్రాభివృద్ధి సంస్థలకి ఒక్క విన్నపం. బహుమతుల పద్దులోంచి కొంత తీసి, ఏటా పదిమంది కొత్తవాళ్ళకి స్క్రిప్టు దశలోనే ఇవ్వండి. షార్ట్ ఫిల్మ్‌కి సరిపడా ఇస్తే చాలు. ఆ డబ్బు షూటింగ్ రోజుకి ముందే వాళ్ళ చేతికి అందాలి.