పరపతి – పూచీ: వ్యాఖ్యల్లోని లంకెలకు శోధనయంత్రాల గుర్తింపుపై చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: బ్లాగు టపా కింద పాఠకులు రాసే వ్యాఖ్యల్లోని లంకెలకు ఆ బ్లాగు విలువ సంక్రమించాలా అన్న ప్రశ్న 2005 నుండి అంతర్జాలంలో చర్చనీయాంశంగా ఉంది. ఈ వ్యాసం ఆ చర్చ చరిత్రను, గుంటూరు–ప్రకాశం మైదానాల వ్యవసాయ పరపతి అనుభవంతో పోల్చి పరిశీలిస్తుంది. పూచీ పడేవారు లేని చోట పరపతి సంక్రమించకూడదని, పూచీ పడడానికి సిద్ధమైనవారికి ఆ అవకాశం లేకుండా చేయడం కూడా అన్యాయమేనని, ఆ నష్టం తెలుగు వంటి భాషల్లో ఎక్కువగా ఉంటుందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: పరపతి, పూచీకత్తు, లంకె, వ్యాఖ్య, నోఫాలో, తెలుగు బ్లాగులు, గుంటూరు మిరప.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘పరపతి’ అనే మాట రెండు అర్థాల్లో వాడుకలో ఉంది. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పుకు సంబంధించినది. ఊళ్లో పరపతి గల మనిషి అన్నప్పుడు అది నలుగురిలో మాట చెల్లుబాటుకు సంబంధించినది. ఈ రెండు అర్థాలూ ఒకదాన్నొకటి ఆశ్రయించి ఉంటాయి. మాట చెల్లేవాడికి అప్పు పుడుతుంది. అప్పు పుట్టేవాడు పూచీ పడితే మరొకరికీ పుడుతుంది. పెట్టుబడి ఎక్కువగా కోరే పత్తి, మిరప పంటలు పండే గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూముల్లో ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు.

శోధనయంత్రాలు ఒక వెబ్ పేజీకి ఇచ్చే విలువ కూడా ఈ రెండో అర్థంలో పరపతే. ఒక పేజీ మరొక పేజీకి లంకె ఇస్తే, మొదటిదాని పరపతిలో కొంత రెండోదానికి చేరుతుంది. అయితే బ్లాగు టపా రాసేది ఒకరు, దాని కింద వ్యాఖ్య రాసేది మరొకరు. వ్యాఖ్యలోని లంకె సందర్శకుడిది, పరపతి ఇంటి యజమానిది. సందర్శకుడు పెట్టిన సంతకానికి యజమాని ఆస్తి జామీను కావచ్చునా? ఈ ప్రశ్నకు అంతర్జాలం ఇచ్చిన సమాధానాలు మూడు దశల్లో మారాయి. వాటిని పరిశీలించే ముందు, పూచీకి పరపతికి గల సంబంధాన్ని ఈ ప్రాంత చరిత్రలో చూడడం అవసరం.

2. పూచీ మీద నిలిచిన పరపతి

1904లో భారతదేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. కృష్ణా, నెల్లూరు జిల్లాల భాగాలతో గుంటూరు జిల్లా ఏర్పడినదీ ఆ ఏడాదే. అంతకు ముందే మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ జర్మనీలోని గ్రామీణ పరపతి సంఘాలను అధ్యయనం చేసి విస్తృతమైన నివేదిక సమర్పించాడు. 1904 చట్టం ప్రకారం కనీసం పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. గ్రామీణ సంఘాలకు అపరిమిత బాధ్యత సాధారణ నియమం. అంటే సంఘం అప్పు తీర్చలేకపోతే సభ్యుల సొంత ఆస్తులు కూడా దానికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఈ నియమంలోని తర్కం సరళమైనది. ఎవరికి అప్పు ఇవ్వవచ్చో తోటి రైతులకు తెలుసు. తప్పుడు మనిషిని సిఫారసు చేస్తే నష్టం తమకే కాబట్టి సిఫారసు జాగ్రత్తగా చేస్తారు. ఇక్కడ పరపతిని నిలబెట్టేవి రెండు: ఎరుక, బాధ్యత. ఈ రెండిటిలో ఏది లోపించినా సిఫారసు వట్టి మాట అవుతుంది.

బాధ్యత లేని సిఫారసు ఏమి చేయగలదో తెలిపే ఉదాహరణ కూడా ఈ మైదానాల్లోనే ఉంది. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోనూ, పొరుగున ఉన్న గుంటూరు జిల్లాలోనూ పత్తి సాగు విస్తరించాక పురుగుమందుల వాడకం పెరిగింది. పురుగుమందుల వ్యాపారి రైతుకు అరువు ఇచ్చేవాడు, ఏ మందు కొట్టాలో సలహా కూడా ఇచ్చేవాడు. సలహా ఇచ్చేవాడు, సరుకు అమ్మేవాడు, అప్పు ఇచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ సలహాలోని స్వార్థాన్ని విడదీసి చూడడం కష్టం. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా వాడిన తరువాత తెల్లదోమ విజృంభించి, 1987–88లో పత్తి రైతుల ఆత్మహత్యలకు ఈ ప్రాంతం సాక్షిగా నిలిచింది. ఆ విషాదానికి అనేక కారణాలున్నాయి. అమ్మకంతో ముడిపడిన సలహా వాటిలో ఒకటి.

3. లంకె సిఫారసుగా మారిన వైనం

1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ ప్రతిపాదించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి లంకెను సిఫారసుగా లెక్కించింది. పరిశోధకులకు పరిచితమైన ఉల్లేఖనల లెక్కింపే దీనికి పూర్వరూపం. 1960లలో యూజీన్ గార్‌ఫీల్డ్ ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్, ఒక వ్యాసాన్ని ఎందరు ఉటంకించారో లెక్కించేది. పేజ్‌ర్యాంక్ దానికి మరొక మెట్టు జోడించింది. ఉటంకించినవారి విలువను కూడా లెక్కలోకి తీసుకుంది. స్థూలంగా చెప్పాలంటే, ఒక పేజీ విలువ దాని నుండి బయటికి వెళ్లే లంకెల మధ్య సమానంగా పంపకమవుతుంది.

పరిశోధన వ్యాసంలో ఉల్లేఖన చేసేది వ్యాసకర్తే. వ్యాసం పైన అతని పేరు ఉంటుంది. వెబ్ పేజీలోని లంకెలన్నీ కూడా ఆ పేజీ కర్త పెట్టినవేనని తొలినాటి పద్ధతి తలచింది. బ్లాగుల వ్యాఖ్యాస్థలాలు ఆ ఊహను తలకిందులు చేశాయి. ఒకే పేజీలో పదిమంది చేతులు పడ్డాయి. ఏ లంకె ఎవరిదో యంత్రానికి తెలియలేదు. దానితో మందులు, జూదం అమ్మేవారు స్వయంచాలక ప్రోగ్రాములతో వేలాది బ్లాగుల కింద తమ లంకెలను గుమ్మరించారు. వాటిని పాఠకులు నొక్కాలన్న ఆశకంటే, యంత్రం లెక్కించాలన్న ఆశే ఆ పని వెనుక బలంగా ఉండేది.

4. 2005 నిర్ణయం

2005 జనవరి 18న గూగుల్ ఒక పరిష్కారాన్ని ప్రకటించింది. లంకెకు ‘నోఫాలో’ అనే గుర్తు తగిలిస్తే ఆ లంకెకు పరపతి ఇవ్వబోమన్నది దాని సారాంశం. యాహూ, ఎంఎస్ఎన్ శోధనయంత్రాలు ఇందులో చేరాయి. బ్లాగర్, వర్డ్‌ప్రెస్, సిక్స్ అపార్ట్ వంటి బ్లాగు వేదికలు మద్దతు తెలిపాయి. కొద్దికాలానికే వ్యాఖ్యల్లోని లంకెలన్నిటికీ ఈ గుర్తు దానంతటదే పడే ఏర్పాటు వచ్చింది. 2007 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా కూడా బయటి లంకెలకు ఇదే నియమం వర్తింపజేసింది. తెలుగు వికీపీడియాలోని బయటి లంకెలు నేడు ఇదే స్థితిలో ఉన్నాయి.

పూచీ దృష్టితో చూస్తే ఈ నిర్ణయంలో న్యాయం ఉంది. సందర్శకుడు మాట్లాడవచ్చు, కాని అతని మాటకు యజమాని జామీను కాదు. అయితే యజమాని వ్యాఖ్యను చదివి, పరిశీలించి, ఆమోదించి ప్రచురించినా ఆ గుర్తు తొలగదు. ఎరుక, బాధ్యత రెండూ ఉన్న చోట కూడా పరపతి నిలిచిపోయింది. దొంగను ఆపడానికి వేసిన తలుపు చుట్టాన్నీ ఆపింది.

దీన్ని వ్యతిరేకించినవారు వర్డ్‌ప్రెస్‌లో ప్రత్యేక ప్లగిన్లతో ఆ గుర్తును మొత్తంగా తొలగించుకున్నారు. ఫలితం ఆలోచింపజేసేది. అలాంటి బ్లాగుల జాబితాలు తయారై, లంకెల కోసమే వ్యాఖ్యలు రాసేవారు వాటి మీద వాలారు. అందరికీ నిరాకరించడం ఎంత మొరటో, అందరికీ ఇవ్వడం అంత ప్రమాదకరమని దీనివల్ల తేలింది. రెండు పద్ధతుల్లోనూ లోపించింది ఒక్కటే: లంకెను విడివిడిగా చదివి నిర్ణయించడం.

5. తెలుగు బ్లాగుల ప్రత్యేక స్థితి

ఈ నష్టం అన్ని భాషలకూ ఒకే స్థాయిలో కలగలేదు. 2000ల మధ్యకాలంలో ప్రధాన తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు సొంత ఖతుల సంకేతాలతో నడిచేవి. కంటికి తెలుగుగా కనిపించే ఆ పాఠం శోధనయంత్రానికి అర్థంకాని అక్షరాల పోగు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ను రూపొందించవలసి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినదీ ఆయనే. వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ వల్ల మామూలు కీబోర్డుతో యూనికోడ్ తెలుగు రాయడం సులభమైంది. ఆ కాలంలో యంత్రం చదవగల తెలుగులో బ్లాగులు, వికీపీడియా, కొన్ని వెబ్ పత్రికలు ముఖ్యభాగంగా ఉండేవి.

ఆ బ్లాగులు ఒకదాన్నొకటి కనుగొన్న దారులు ప్రధానంగా రెండు. ఒకటి ‘కూడలి’, ‘జల్లెడ’, ‘హారం’, ‘మాలిక’ వంటి సంకలినులు. రెండోది వ్యాఖ్యలు. ఒక పద్యంలోని యతి గురించో, ఒక ఊరిపేరు వ్యుత్పత్తి గురించో టపా వస్తే, దాని కింద ఆధారాలతో సవరణలు చేరేవి. వ్యాఖ్యాత పేరును నొక్కితే అతని బ్లాగు తెరుచుకునేది. పాఠకులకు ఆ దారి తెరిచే ఉంది. యంత్రానికి మాత్రం మూసుకుపోయింది.

ఇంగ్లీషులో ఒక రచనను చేరడానికి వేల లంకెలుంటాయి. వ్యాఖ్యల్లోని లంకెలు లెక్కలోంచి పోయినా మిగిలినవి సాక్ష్యం చెబుతాయి. లంకెలే తక్కువగా ఉన్న భాషలో ఆ మిగిలే సాక్ష్యం స్వల్పం. తెలుగులో ఒక మంచి పరిశోధనాత్మక టపాకు ఉన్న సిఫారసులన్నీ వ్యాఖ్యల్లోనే ఉంటే, యంత్రం దృష్టిలో ఆ టపాకు సిఫారసులే లేవు.

6. 2009, 2019 మార్పులు

నోఫాలో గుర్తువల్ల వ్యాఖ్యాతకు మాత్రమే నష్టమని చాలాకాలం భావించారు. గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ 2009 జూన్‌లో వెల్లడించిన విషయం ఆ భావనను సవరించింది. మొదట్లో గుర్తు ఉన్న లంకెల వాటా మిగిలిన లంకెలకు పంపకమయ్యేది. అప్పటికే ఏడాదికి పైగా ఆ పద్ధతి మారిందని, ఆ వాటా ఎవరికీ చేరడం లేదని ఆయన తెలిపాడు. ఒక టపాలో రచయిత ఇచ్చిన ఆధార లంకెలు రెండు, వ్యాఖ్యల్లోని లంకెలు ఎనిమిది అనుకుంటే, రచయిత పేర్కొన్న ఒక్కొక్క ఆధారానికి దక్కేది పదో వంతే. మిగిలిన ఎనిమిది వంతులు గాలిలో కలుస్తాయి. ఈ లెక్కన చర్చ ఎంత విస్తరిస్తే రచయిత సొంత ఉల్లేఖనల బలం అంత తగ్గుతుంది.

2019 సెప్టెంబరు 10న గూగుల్ మరో రెండు గుర్తులను ప్రవేశపెట్టింది. ఒకటి ‘స్పాన్సర్డ్’, డబ్బు తీసుకుని పెట్టిన లంకెలకు. రెండోది ‘యూజీసీ’, సందర్శకులు రాసిన భాగాల్లోని లంకెలకు. (ఇది విశ్వవిద్యాలయ నిధుల సంఘం కాదు, వాడుకరులు సృష్టించిన విషయం అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు.) అమ్మకానికి ముడిపడిన సలహాను, సాటి మనిషి మాటను వేరుచేసి చూడడం ఇందులోని మేలు. పురుగుమందుల అరువు చరిత్ర తెలిసినవారికి ఈ విభజన అవసరం విడమరిచి చెప్పనక్కరలేదు. కాని అదే ప్రకటనలో మరో మార్పు ఉంది. ఇకపై ఈ గుర్తులు ఆజ్ఞలు కావు, సూచనలు మాత్రమే. ఏ వ్యాఖ్యలోని లంకెను లెక్కించాలో, దేన్ని వదలాలో కంపెనీయే నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయానికి కారణం బ్లాగు యజమానికి గాని వ్యాఖ్యాతకు గాని తెలియదు. పూచీ పడే హక్కు గ్రామసభ్యుల నుండి, లెక్కల పుస్తకం చూపించని షావుకారు చేతికి పోయినట్లయింది.

7. మైదానాల్లో దీని పర్యవసానం

2021–22లో గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరప తోటలను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. అలాంటి సమయంలో నివారణ కోసం ఫోనులో వెతికే రైతుకు మొదట కనిపించే పేజీ ఏదన్నది పెట్టుబడికి, పంటకు సంబంధించిన విషయం. వ్యాఖ్యల్లోని లంకెలన్నిటికీ పరపతి ఇస్తే, మందు అమ్మే ఏ వ్యాపారి అయినా వ్యవసాయ వ్యాసాలన్నిటి కింద తన లంకె అంటించి పైకి రాగలడు. అన్నిటికీ నిరాకరిస్తే, తన చేలో చూసిన విషయాన్ని రాసుకున్న రైతు పేజీకో, గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రం సిఫారసులకో ఒక అనుభవజ్ఞుడు వ్యాఖ్యలో ఇచ్చిన లంకె లెక్కకు రాదు.

గుంటూరు మిరప యార్డులో టిక్కీల మీద ఏ రకం పేరు చెప్పినా కొనేవాడు కాయను చేతిలోకి తీసుకుని రంగు, తేమ చూసే ధర చెబుతాడు. పేరు ఒక్కటే ధర నిర్ణయించదు, పేరు లేనంత మాత్రాన సరుకు వెనక్కి పోదు. వ్యాఖ్యల్లోని లంకెలకు లేకుండా పోయినది ఈ పరిశీలనే.

8. ఉపసంహారం

వ్యాఖ్యలోని లంకెకు పరపతి దానంతటదే సంక్రమించకూడదు. పేరు లేని ‘అజ్ఞాత’ అంటించిన చిరునామాకు మరొకరి ఏళ్ల శ్రమ జామీను కావడం న్యాయం కాదు. అయితే యజమాని చదివి, సరిచూసి, బాగుందని తేల్చుకున్న లంకెకు పరపతి అందించే అధికారం అతనికే ఉండాలి. 1904 నాటి పరపతి సంఘాలు ఎంచుకున్న సూత్రం కూడా ఇదే: ఎరిగినవాడు పూచీ పడాలి, పూచీ పడినవాడి మాట చెల్లాలి.

బ్లాగు వేదికలు ఆ వీలు కల్పించేవరకు ఒక దారి రచయితల చేతుల్లోనే ఉంది. వ్యాఖ్యలో వచ్చిన విలువైన ఆధారాన్ని, ఇచ్చినవారి పేరుతో సహా, టపాలోకే తెచ్చి సవరణగా చేర్చడం. అప్పుడు ఆ లంకె సందర్శకుడిది కాక రచయిత పూచీ పడిన ఉల్లేఖన అవుతుంది, యంత్రమూ దాన్ని అలాగే లెక్కిస్తుంది. తెలుగు వెబ్ పత్రికలకు, విశ్వవిద్యాలయ శాఖల వెబ్‌సైట్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఒక వ్యాసం కింద పాఠకుడు చేసిన సవరణ సరైనదైతే దాని స్థానం వ్యాసంలోనే. దాన్ని వ్యాఖ్యల్లోనే వదిలేస్తే వ్యాసం తప్పుతోనే మిగులుతుంది, సవరించినవారి కృషికి గుర్తింపూ దక్కదు.